ఒళ్లు జాడించిన పొడుగు కారు

మొన్న ఎండకాలం పట్నం నుంచి ఒకాయన మా దొడ్లకు వచ్చిండు. మంచి మనిషే. చెప్పులు బయటనే ఇడిచి, "బాగున్నవా అవ్వా" అని అడిగినంకనే లోపటికి అడుగు పెట్టిండు. పాత బండ్లు ఎక్కడున్నయో ఎతుక్కుంట తిరుగుడు ఆయనకు సరదా అట. మా ఊరి ముంగట టైరు పంచరైతే చాయ తాగనీకి ఆగిండు. గ్లాసు చేతిల పట్టుకొని ఇటు మొకాన చూస్తే గోడ మీదికెల్లి మా పొడుగు కారు కనిపించింది.

కారు కాడికి పోంగనే ఆయన నడకనే మారిపోయింది. కోళ్లను మెల్లగ అదిలించిండు. మోకాళ్ల మీద కూసోని కిందికి తొంగి చూసిండు. రేకు మీద చెయ్యి పెట్టి, జరమొచ్చిన పిల్లను చూసినట్టు నిమిరిండు. ఎనక తలుపు తెరిస్తే లోపట ఉల్లిగడ్డలు, పల్లికాయ సంచులు. నవ్విండు.

"దీన్ని స్టేషన్ వ్యాగన్ అంటరవ్వా. ముందు కారు, ఎనకంత ఇల్లు. ఇసొంటియి ఇప్పుడు కనవడవు. నాకియ్యరాదూ? బాగు చేయించుకుంట."

నా కొడుకు అప్పటికే ఆయనకు కుర్చీ ఏసిండు. కొడుకు కండ్లల్ల ఆశ నాకు తెల్వదా? నేను అమ్మనన్న. ఆయన మల్ల అడుగలే. చాయ తాగుకుంట ఒక మాట మాత్రం అన్నడు.

"నేను మస్తు ఊర్లు తిరుగుతనవ్వా. గిట్ల పాత బండి పెట్టుకున్నోళ్లను అందర్నీ ఒకటే అడుగుత. ఒకాయన మా నాయిన తోలిన బండి అంటడు. ఒకామె అత్తగారింటికి దీంట్లనే వచ్చిన అంటది. నడవని బండిని మీరెందుకు ఉంచుకున్నరు?"

"జాగా ఉన్నది. ఉల్లిగడ్డ మురుగుతలేదు. ఉంచుకున్నం" అన్న.

ఆయన నవ్వి పోయిండు గని ఆ మాట నన్ను పట్టుకున్నది. ఎందుకంటే పనికిరానిదాన్ని ఇంట్ల పెట్టుకునే మనిషిని కాదు నేను. చిరిగిన చీర బొంతయితది. బొంత చిరిగితే మసిగుడ్డయితది. మసిగుడ్డ కూడ అయిపోతే పొయ్యి రాజేయనీకి పనికొస్తది. కోడండ్లకు నా తీరు నచ్చదు. నచ్చకుంటే పాయె. అసొంటి నేను, ఇంత ఇనుమును ఎందుకు కొట్టం కింద పండవెట్టుకున్న? ఉల్లిగడ్డలకు గంప సరిపోదా?

ఆ పొద్దంత పల్లికాయ ఒలుచుకుంట దాని దిక్కే చూసిన. చూస్తాంటే చిన్నప్పటి ఒక ఎండకాలం మొత్తం ముంగటికొచ్చి కూసున్నది.

మాది గొర్లు కాసుకునే ఇల్లు. ఊరు దాటితే రాళ్ల గుట్టలు, గుట్టలు దాటితే నల్లమల. అమ్మ మొకం నాకు గుర్తు లేదు. నన్ను పెంచింది నాయిన తల్లి, మా అవ్వ. పొద్దుగాల నా నెత్తి దువ్వుకుంట ఒక దెబ్బ, మాపటికి అన్నం పెట్టుకుంట ఒక దెబ్బ. తప్పు చేసినందుకు కాదు, చేస్తనేమోనని. ఇప్పుడు నా మనుమరాలు "నువ్వు గట్టిదానివే అవ్వా" అంటది. మా అవ్వను చూడలే అది.

అమ్మ తమ్ముడు, మా మామ, కృష్ణ మీద ఆనకట్ట కట్టే కాడికి పనికి పోయిండు. తట్టలు మోయబోయినోడు ఇంజినీర్ల బండి తోలుడు నేర్చుకున్నడు. పని సల్లబడినంక అక్కడి పాత బండ్లను వేలం పాడుతుంటే నాయినను ఒప్పించిండు. నాయిన పొట్టేళ్లను అమ్మి సగం, మామ తన కష్టంది సగం, కలిపి ఆ పొడుగు కారును కొన్నరు. అంగడికి మనుషులను కిరాయికి తోలొచ్చు, గొర్రెపిల్లలను ఏసుకొని పోవొచ్చు అని వాళ్ల ఆలోచన.

అది ఊర్లకు వచ్చిన పొద్దు అవ్వ దాని సుట్టు తిరిగింది, అంగట్ల గొడ్డు సొమ్మును చూసినట్టు. తట్టింది. వాసన చూసింది. మామ ముంగటి మూత లేపంగనే లోపటికి వంగి, "పండ్లు ఏడున్నయిరా?" అన్నది.

"అత్తా, దీనికి పండ్లుండయే."

"పండ్లు చూడకుండ సొమ్మును కొంటరార్రా ఎవరన్న? వయసెట్ల తెలిసింది మీకు? ముసలిదాన్ని అంటగట్టిండ్రు మీకు."

నాయిన, మామ పడి పడి నవ్విండ్రు. ఇప్పుడనిపిస్తది, అవ్వ చెప్పింది నిజమే. అది అప్పటికే ముసలిది.

దాని లోపటి వాసన నాకు ఇప్పటికీ యాదికున్నది. ఎండకు కాలిన సీటు వాసన, పెట్రోలు వాసన, వాటి కింద పాలుతాగే గొర్రెపిల్లల మూతి వాసన. మామ గొంగడి తడిసిన నాడైతే ఆ వాసన అన్నిటినీ తొక్కేది. సద్ది మూట ఇప్పితే జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, నలగ్గొట్టిన ఉల్లిగడ్డ. ఎనక తలుపు తెరుచుకొని కాళ్లు కిందికి ఏలాడేసి తింటుంటే ఊర్ల దొరసాని కూడ నా ముంగట దిగదుడుపే అనిపించేది. అడివి దిక్కు పోయిన నాడు మామ మోదుగాకు దొప్పల మొర్రి పండ్లు తెచ్చేటోడు. పండు తిని గింజను సీటు సందుల దాచేదాన్ని, తర్వాత పలగ్గొట్టి పప్పు తినొచ్చని. అవ్వ ఏలు పెట్టి అన్నీ బయటికి తీసి, తనే తినేది.

బడికి కొన్నాళ్లే పోయిన. పంతులు ఎన్నడు వస్తడో తెలిసేది కాదు. నాకొచ్చిన అక్షరాలల్ల సగం ఆ కారు ఎనక అద్దం మీది దుమ్ముల నేర్చుకున్నయే. మామ ఏలితో రాసేటోడు, నేను పక్కన దిద్దేదాన్ని. అద్దం నిండితే ఊదేటోళ్లం. పలక కొనే పని లేకపాయె.

ఇంకొకటి చెప్పాలె. కారు ముంగట పోవుడు, మంద ఎనక వచ్చుడు అలవాటైంది. మామ హారన్ పిసికితే గొర్లు తలలెత్తి నడుచుడు మొదలువెట్టేటియి. నాయినకు అది మహా గొప్ప. "పిలిచేటి పనే లేదు, సూడుండ్రి" అని అంగట్ల చెప్పుకున్నడు. ఒకనాడు రోడ్డు మీద తెలియనోళ్ల లారీ ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది. ఇగ జూడు, మంద మొత్తం దాని ఎనక! నాయిన కట్టె పట్టుకొని ఉరుకుడు, మామ నవ్వాపుకోలేక రోడ్డు మీదనే కూలవడుడు. గొర్లను మలుపుకొని వచ్చేవరకు పొద్దు గుట్టల ఎనకకు పోయింది. ఆ పూట అవ్వ నాయినకు గటకల మజ్జిగ పొయ్యలే. "లారీ ఆయన్ను అడుగు పో" అన్నది.

ఆ మరుసటేడు వానలు మొకం సాటేసినయి. ఎండకాలం రాకముందే చెలకలు నెర్రెలు వారినయి. గొర్లకు మోకాళ్లల్ల బలం పోయి కూసున్నకాడి నుంచి లేవకపోయేటియి. నాయిన తుమ్మకాయలు రాల్చి, చెట్ల కొమ్మలు నరికి ఏసేటోడు. అవి కూడ అయిపోయినయి.

తునికాకు కాంట్రాక్టరు ఒకాయన అడివిల కల్లాలు పెట్టుకున్నడు. ఆకు కట్టలు మోయనీకి ఆయనకు ఎనక పొడుగున్న బండి కావాలె. వరి పండే దిక్కుకు పోయే లారీలు ఆయనకున్నయి, వచ్చేటప్పుడు గడ్డి ఏసుకొస్తయి. పైసల సంగతి లేకుండనే మాట కుదిరింది. కారు ఆయనకు, ఎండకాలమంత గొర్లకు సరిపోయే గడ్డి మాకు. నాయిన, కాంట్రాక్టరు తమలపాకు చేతులు మార్చుకున్నరు. మాట అయిపోయినట్టే.

నేను కారు ఎనక పండుకొని ఉంటి. నాయిన, మామ ముంగటి సీట్లల్ల మాట్లాడుకుంటుంటే ఇన్న.

"బావా, అత్తకు చెప్పినవా?"

"ఇప్పుడే ఎందుకు? బండి పోయినంక చెప్త. గడ్డి వచ్చినంక ఏమంటది?"

"మల్ల మనసుకు ఎట్లనో ఉన్నదే."

"నాకు లేదా మనసు? గొర్లు సస్తే బండికి పాలు పిండుకుంటమా?"

నేను సీటు మీద మొకం పెట్టి పండుకున్న. ఇంకా కొన్నాళ్లకు ఆ వాసన మాది కాదు అన్న సంగతి మాత్రం తెలిసింది. నాయిన చెప్పింది కూడ తెలిసింది. ఎండిన గొర్రె డొక్కలు నేను కూడ చూస్తున్ననాయె.

కాంట్రాక్టరు బండి తీసుకపోనీకి వచ్చే ఆయితారం ముందు, మంద ఉన్న కాడికి సద్ది పట్టుకొని ఆఖరు సారి పోయినం. అవ్వ ఎన్నడూ కారెక్కేది కాదు. "సొమ్ము కడుపుల కూసుంటరా మనుషులు?" అనేది. ఆ పొద్దు మాత్రం ఏమనుకున్నదో, చీర కొంగు నడుముకు చెక్కుకొని వచ్చి ఎనక నా పక్కన కూసున్నది. అమ్ముతున్న సంగతి అవ్వకు తెలుసో తెలవదో నాకు ఈనాటికీ తెలవదు.

మంద ఉన్నది ఉత్త చెలక. చెట్టు లేదు, గుట్ట లేదు. మేము పోయేవరకు పడమట దిక్కు మబ్బు లేచింది. నల్లగ కాదు, పచ్చిబెల్లం రంగు. గాలి ఆగిపోయింది. గొర్లన్నీ ఒక్కకాడికి ముడుచుకొని తలలు ఒకదాని కడుపు కింద ఒకటి పెట్టుకున్నయి. నాయిన మబ్బును చూసి, "రాళ్లవాన" అన్నడు.

ఎనక తలుపు తెరిచిండ్రు. నాయిన, మామ చేతికందిన గొర్రెపిల్లనల్లా అందుకొని లోపటికి ఇసిరిండ్రు. నా ఒళ్లె, అవ్వ ఒళ్లె, సీట్ల మీద, కాళ్ల కింద అన్నీ పిల్లలే. తలుపు ఏసిండ్రో లేదో మొదలాయె. గుండ్రాళ్లంత మంచుగడ్డలు. రేకు మీద పడుతుంటే చెవుల ఇంకేం ఇనవడలే. అద్దంలకెల్లి చూస్తే గొర్లు కుప్ప కూలుతున్నయి. నాయిన, మామ కనిపించలే.

"నాయినా!" అని మొత్తుకున్న.

అవ్వ నా నోరు మూసింది. నా చెవిని కారు అడుగుకు ఆనిచ్చింది. మా కాళ్ల కిందికెల్లి, కారు పొట్ట కిందికెల్లి, నాయిన గొంతు సన్నగ ఇనవడ్డది. "ఉన్నమే, ఉన్నం!"

ఇద్దరూ గొంగడి కప్పుకొని కారు కిందికి దూరిండ్రు.

అప్పుడు అవ్వ రెండు గొర్రెపిల్లలను చంకల ఇరికించుకొని, పై రేకు దిక్కు తలెత్తి గట్టిగ అన్నది. "మల్లన్నా, నా కొడుకును మల్ల నాకు చూపెట్టు. ఈ సొమ్మును నీకు ఇడుస్త. ఇది నీ పొట్టేలు. కొయ్యం, అమ్మం."

మా ఇండ్లల్ల ఒక పొట్టేలును దేవునికి ఇడిస్తే, ఇగ అది దేవునిదే. దాన్ని అమ్మరు, కొయ్యరు, బొచ్చు కత్తిరియ్యరు. ఎవరి చేన్ల మేసినా ఎవరూ కట్టె ఎత్తరు. ఇడిసే హక్కు ఇంటి పెద్దది. పెద్ద నోటికెల్లి మాట వచ్చిందంటే కొడుకైనా కులమైనా దాన్ని తీసేయనీకి లేదు.

వాన ఎలిసినంక తలుపు తెరిస్తే చెలక తెల్లగ ఉన్నది. పెద్ద గొర్లు కొన్ని లేవలే. నాయిన కారు కిందికెల్లి పాకుకుంట బయటికొచ్చి, గడ్డం నిండ బురదతో నిలవడి, మొదలు గొర్లను చూసిండు, తర్వాత మమ్మల్ని చూసిండు. అవ్వ కిందికి దిగి, ఆయన చెంప మీద ఒకటి కొట్టి, అదే చేతితో చెంప తుడిచింది.

ఇంటికి రాంగనే అవ్వ బండారి డబ్బ తీసింది. పసుపు చేతినిండ పట్టుకొని కారు నొసట పూసింది, ఈపుకు పూసింది. ముందు పొట్టేలు మెడల ఉండే గంటను తెచ్చి ముంగట కట్టింది. నాయిన దొడ్లకొచ్చి చూసి నిలవడ్డడు.

"ఏం చేస్తున్నవే అమ్మా?"

"మొక్కిన. ఇడిసిన."

"దేన్ని?"

"గీ పొట్టేలును."

నాయిన తలకాయ పట్టుకొని గడప మీద కూసున్నడు. "దాన్ని నేను ఇచ్చిననే. ఆకు మార్చుకున్న. గడ్డి ఏడికెల్లి తేవాలె?"

"నువ్వు నాకు చెప్పినవా?" అన్నది అవ్వ. గంతే.

ఆయితారం మా దొడ్ల గొంగళ్లు పరిచిండ్రు. కులపెద్ద వచ్చి కూసున్నడు. కాంట్రాక్టరు వచ్చి కూసున్నడు. ఊరు సగం గోడ మీద ఉన్నది. ఒక దిక్కు నాయిన ఇచ్చిన మాట, ఇంకో దిక్కు అవ్వ ఇడిసిన మొక్కు. ఏది తప్పినా తలెత్తుకొని తిరుగుడు కష్టమే.

కులపెద్ద పొగాకు నములుకుంట అన్నడు. "వదినె, పాణమున్నదాన్ని ఇడుస్తం గని ఇనుమును ఇడిసినమా ఎన్నడన్న?"

"పాణం లేదని నీకెట్ల తెలుసు మరిదీ? తాగుతది. ఒర్రుతది. మెట్ట ఎక్కుమంటే మొరాయిస్తది. పొద్దుగాల నీకంటే ముందు లేస్తది."

గోడ మీదోళ్లు కిలకిల నవ్విండ్రు.

"మరి తోకేదే?"

"నీకున్నదా?"

కులపెద్దకు పొగాకు గొంతుల ఇరికి దగ్గొచ్చింది. నీళ్లు తాగి, మొకం సాఫ్ చేసుకొని, ఈసారి పెద్దమనిషి తీరుగ మాట్లాడిండు. "సరే. ఒకటే తొవ్వ. పొట్టేలును ఇడిసేటప్పుడు ఏం చేస్తం? నీళ్లు చల్లుతం. ఒళ్లు జాడిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. జాడియ్యకుంటే మనిషిదే. దీనికి కూడ నీళ్లు చల్లుదాం. జాడిస్తే మల్లన్నది, లేకుంటే కాంట్రాక్టరుది. ఒప్పుకుంటరా?"

నాయిన మొకంల ఎలుగొచ్చింది. ఇనుము ఒళ్లు జాడించుడు ఎవరు చూసిండ్రు? "ఒప్పుకున్న" అన్నడు. కాంట్రాక్టరు కూడ తలూపిండు.

అవ్వ చెంబుల నీళ్లు తెచ్చింది. కారు ముంగటికి పోయి ఆగింది. ఎనకకు మల్లి అందరి మొకాలు చూసింది.

"సచ్చిన పొట్టేలు మీద నీళ్లు చల్లుతరార్రా ఎవరన్న? దాని పాణం లేపుండ్రి ముందు."

కులపెద్ద మెల్లగ, "మాట కరెక్టే. పండుకున్నదాని మీద నీళ్లు పోసుడు పద్ధతి కాదు" అన్నడు.

అందరూ మామ దిక్కు చూసిండ్రు. మామ నాయిన దిక్కు చూసిండు. నాయిన కట్టె మొనతో మట్టిని గెలుకుతున్నడు. మామ లేచి, సీటు కింది హ్యాండిల్ తీసి, ముంగట పెట్టి తిప్పిండు. కారు మూలిగి ఊకున్నది. మల్ల తిప్పిండు. ఊకున్నది. రాళ్లవానకు లోపట ఏదో తడిసింది. మామ నొసటి చెమట తుడుచుకున్నడు. నాయిన కట్టె కదులుడు ఆగింది. నేను దొడ్డి తడకను పట్టుకొని నిలవడ్డ. నాకు కారు కావాలె. గొర్లకు గడ్డి కూడ కావాలె. ఏ దిక్కుకు మొక్కాలె నేను?

అవ్వ చెంబును ఎడమ చేతికి మార్చుకొని, కుడి చేతితో ఆ రేకును, పొట్టేలు నొసలు గోకినట్టు గోకింది. "లే అయ్యా. లే. నీ పంచాయితే ఇది."

మామ బలమంత పెట్టి తిప్పిండు. కారు దగ్గి, పొగ ఇడిచి, అందుకున్నది.

అవ్వ ముంగటి నుంచి ఎనక దాంక నీళ్లు చల్లింది. "మల్లన్నా, ఒప్పుకుంటే ఒళ్లు జాడియ్యి తండ్రీ." జాడియ్యకేం చేస్తది? ఆ కారు అదిరితే మామూలు అదురుడా! నొసటి నుంచి తోక దాంక, అద్దాలు, తలుపులు, ఎనక రేకు, అన్నీ గడగడ వణికినయి. మీది నీళ్లు సుట్టూ చింది జనాల మీద పడ్డయి. గంట ఖణఖణ మోగింది. గోడ మీదోళ్లు లేచి నిలవడ్డరు. ముసలోళ్లు చేతులు జోడిచ్చిండ్రు. "జాడిచ్చె! జాడిచ్చె!"

నాయిన కట్టె పారేసి లేచిండు. "ఇంజను చాలు చేస్తే అదరదానే? దేవుడెక్కడున్నడు దీంట్ల?"

కులపెద్ద జవాబు నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. "పొట్టేలు మీద సల్లనీళ్లు పోస్తే చలికి జాడియ్యదారా? అది మల్లన్నది అని ఎట్లంటున్నమో, ఇది గట్లనే."

కాంట్రాక్టరు అప్పటికే చెప్పులు ఇడిచిండు. "నేను అడివిల బతుకుతన్న. దేవుని సొమ్ము నాకొద్దు పెద్దమనిషీ. ఆకు వాపసు తీసుకో, నీ మాట నీకు ముట్టింది" అన్నడు. నాయిన చెయ్యి పట్టి కండ్లకు అద్దుకొని పోయిండు. ఆయన పోయిండంటే గడ్డి కూడ పోయినట్టే.

జనం పోయినంక నాయిన అవ్వను ఒకటే అడిగిండు. "రేపటికెల్లి ఏం మేపాలె? మల్లన్న గడ్డి తోలుకొస్తడా?"

అవ్వ చెంబు పట్టుకొని లోపటికి పోయింది.

ఇక్కడ నేను నాయిన దిక్కు. ఇన్నేండ్లు ఇల్లు నడిపిన దాన్ని, లెక్క నాకు తెలుసు. మొక్కు కడుపు నింపది. గొర్లను సగం అమ్మితేనే మిగిలిన సగం బతుకుతయి. కరువుల అందరూ అమ్మేటోళ్లే, కొనేటోడు అడిగిందే ధర. అవ్వ చేసింది నష్టపు బేరం అని నేను పెద్దగైనంక కూడ అన్న. ఇప్పుడు కూడ అంటున్న.

తెల్లారి నాయిన దొడ్డి తడక తీసి, అంగడికి తోలేటియి ఏరనీకి నిలవడ్డడు. మొకం చూస్తే రెప్ప ఏసినట్టు లేదు. ఎర్ర గొర్రె ఒకదాని మీద చెయ్యి పెట్టిండు. తీసిండు. ఇంకోదాని మీద పెట్టిండు. దాని ఎనక రాళ్లవానల బతికిన పిల్ల ఉన్నది. మల్ల తీసిండు.

అప్పుడు అవ్వ దొడ్లకొచ్చింది. "నల్లయి తోలు" అన్నది.

మా మందల ఎర్రయి నాయినయి. నల్లయి అవ్వయి. ఆమె కాపురానికి వచ్చినప్పుడు తల్లిగారు తోలిచ్చిన గొర్ల సంతానం అవి. ఆడిబిడ్డకు పుట్టింటోళ్లు ఇచ్చిన గొర్లు, వాటికి పుట్టిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్నీ ఆమెయే. మొగుడైనా కొడుకైనా అడుగనీకి లేదు, ఆమె కూడ ఊరికే ఇయ్యదు. వాటి బొచ్చుతోనే మా ఇంట్ల గొంగళ్లు నేసేటోళ్లు. అవ్వ ఒక్కొక్కదాన్ని తల్లి పేరుతోని పిలిచేది. దీని తల్లి కుంటిది, దాని తల్లి ఉరికేది అని.

నాయిన నమ్మలే. "నీయి వద్దే అమ్మా. అవి నీ తల్లిగారియి."

"మొక్కింది ఎవరురా? నువ్వా? నా మొక్కుకు నీ గొర్లెందుకు? తోలు."

"అన్నీనా?"

"ఒక్కదాన్ని ఉంచినా అది రేపటికెల్లి ఒర్రుతది, మిగతాయి ఏవని. అన్నీ తోలు."

నాయిన తోలిండు. నల్లగొర్లు తడక దాటి బజారుకెక్కినయి. దుమ్ము లేచింది. అవ్వ గోడ కాడ నిలవడి చూస్తదనుకున్న. చూడలే. దొడ్డి ఊడ్చింది. పెంటిక తట్టకెత్తింది. నన్ను పిలిచి, "ఏం చూస్తున్నవే, ఎర్రయి ఆకలితో ఉన్నయి, నీళ్లు పెట్టు పో" అని ఈపు మీద ఒకటిచ్చింది.

అంగడి నుంచి నాయిన గడ్డితోనే వచ్చిండు. మిగిలిన మంద ఆ ఎండకాలం దాటింది. నాయిన మాత్రం వానలు పడేదాంక అవ్వతో సరిగ మాట్లాడలే. పళ్లెం ముంగట కూసోని, ఉప్పు కావాలంటే నన్ను అడిగేటోడు.

కారును మళ్లా కిరాయికి తిప్పలే. దేవునిది కాబట్టి అడిగినోళ్లకల్లా పోయేది, పెట్రోలు పోసుకుంటే చాలు. కాన్పు కష్టమైతే దవాఖానకు అదే. పాము కుడితే అదే. నేను మామ కొడుకును చేసుకొని ఆ ఇంటికి పోయేనాడు కూడ అదే. మామ పోయినంక తోలేటోడు లేక ఇక్కడ, మా అత్తగారి దొడ్లనే నిలవడ్డది. నాయిన మంద ఏడాదికేడాది తరిగి తరిగి పోయింది. పిల్లలు ఫ్యాక్టరీలకు పోయిండ్రు, గుట్టల కింద ప్లాట్ల రాళ్లు పాతిండ్రు. గొంగడి కావాలంటే ఇప్పుడు దుకాణంల అడుగాలె. వాళ్లు ఇచ్చేది గొంగడి కాదు.

అవ్వ ముసలితనంల నా కాడికే వచ్చి ఉన్నది. చూపు తగ్గినా నోరు తగ్గలే. ఆమె పుట్టింటి దిక్కు చుట్టాలు ఎవరన్న వస్తే, తెలిసో తెలువకనో అదే అడిగేటోళ్లు. "మనోళ్లు తోలిచ్చిన నల్ల మంద ఎంతయిందే? ఎవరు కాస్తున్నరు?"

అవ్వ తడుముకునేది కాదు. కొట్టం కింద ఉన్న కారు దిక్కు గదుమ ఎత్తేది.

"అగో, గాడ పండుకున్నది. లేపకుండ్రి."